పేరు కింద వృత్తి

ప్రతి మంగళవారం మధ్యాహ్నం మా రోటరీ క్లబ్బు భోజనానికి వెళ్ళగానే తలుపు పక్కన ఒక చెక్కపెట్టె కనిపిస్తుంది. అందులో సభ్యులందరి పేరుబిళ్ళలూ ఉంటాయి. ఎవరిది వాళ్ళు వెతుక్కుని తగిలించుకోవాలి. పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద చిన్న అక్షరాల్లో వృత్తి. పళ్ళ డాక్టరు, ఇన్సూరెన్సు ఏజెంటు, ఇళ్ళకి పైకప్పులు వేసే కాంట్రాక్టరు, అంత్యక్రియల సంస్థ నడిపే ఆయన, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. నా బిళ్ళ మీద 'అకౌంటింగ్' అని ఉంటుంది.

ఒహాయోలో, కొలంబస్‌కి అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. ఈ క్లబ్బులో చేరి తొమ్మిదేళ్ళయింది. మొదటి నాలుగేళ్ళూ ఆ 'అకౌంటింగ్' అన్న ముక్కతో ఎవరికీ పని పడలేదు. వాళ్ళకి నా దగ్గర కావలసినవి సమోసాలు. 'ఇంటర్నేషనల్ నైట్'కి చీర కట్టుకుని రమ్మన్నారు, వెళ్ళాను. చందాల కోసం పెట్టిన పాన్‌కేక్ ఫలహారంలో పెనం దగ్గర నిలబెట్టారు, నిలబడ్డాను (దోసెలు పోసిన చేతికి అదొక లెక్కా). మూడో క్లాసు పిల్లలకి డిక్షనరీలు పంచిపెట్టాం. డిసెంబరు చలిలో కిరాణా కొట్టు ముందు గంట వాయిస్తూ డబ్బులు పోగుచేశాం. ఇవన్నీ మంచి పనులే. ఆ పిల్లలు డిక్షనరీలో తమ పేరు తామే రాసుకుంటుంటే చూడటం నాకిప్పటికీ ఇష్టం.

కానీ నాకొక అభిప్రాయం ఏర్పడింది. అందరం కలిసి అందరూ చేయగలిగిన పనే చేస్తున్నాం. పళ్ళ డాక్టరు పాన్‌కేకులు తిప్పుతున్నాడు, లాయరు ఆరెంజి జ్యూసు పోస్తున్నాడు, నేను సమోసాలు మడుస్తున్నాను. ఒక్కొక్కరం ఇరవై, ముప్ఫై ఏళ్ళు పెట్టి నేర్చుకున్నది మాత్రం ఆ చెక్కపెట్టెలో బిళ్ళ మీదే ఉండిపోతోంది. మనవాళ్ళ సంఘాలదీ దాదాపు ఇదే కథ. కష్టం వస్తే మనవాళ్ళు చందాలు పోగుచేసి ఆదుకుంటారు, అందులో వంక పెట్టడానికి లేదు. మిగతా ఏడాదంతా మాత్రం హాలు అద్దెకి తీసుకోవడం, భోజనాలు, వేదిక మీద శాలువాలు. అంతమంది డాక్టర్లూ ఇంజినీర్లూ ఆడిటర్లూ ఒకే హాల్లో కూర్చుని, పులిహోర బావుందా లేదా అని మాట్లాడుకుని ఇంటికి వెళ్ళిపోతాం.

అసలు ఈ క్లబ్బులు పుట్టిందే వృత్తుల మీద. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక గనుల ఇంజినీరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక దర్జీ దుకాణం యజమాని కలిసి కూర్చోవడంతో మొదలైంది రోటరీ. ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో, వంతులవారీగా కలుసుకునేవారు కనక ఆ పేరు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరే ఉండాలన్నది మొదటి రోజుల నియమం. నిజం చెప్పాలంటే, అప్పట్లో అది ఒకరికొకరు బేరాలు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటే. సేవ తర్వాత వచ్చింది. షికాగోలో రోటరీ తలపెట్టిన మొదటి ఊరి పని పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించడం. ఆ సంగతి తెలిశాక ఆ నలుగురి మీద నాకు గౌరవం పెరిగింది.

ఆడవాళ్ళని చేర్చుకోవడానికి మాత్రం ఎనభై ఏళ్ళు పైగా పట్టింది. కాలిఫోర్నియాలో డ్యుఆర్టె అనే ఊరి క్లబ్బు ఆడవాళ్ళని చేర్చుకుంటే పైవాళ్ళు ఆ క్లబ్బునే తీసేశారు. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి, 1987లో ఆ చిన్న క్లబ్బు గెలిచింది. అప్పుడు నేను తెనాలిలో పదో తరగతి.

తెనాలి అన్నాను కనక చెబుతాను. చిన్నప్పుడు మాకు తెలిసిన సేవాక్లబ్బులంటే బస్‌షెల్టరు మీద రంగుతో రాసిన పేరు, ఎండాకాలం చలివేంద్రం, బడి సెలవుల్లో కంటివైద్య శిబిరం. కళ్ళ శిబిరాలు ఎక్కువగా లయన్స్ క్లబ్బువాళ్ళవి. చూపులేనివాళ్ళ కోసం పనిచేయమని హెలెన్ కెల్లర్ వాళ్ళని 1925లో అడిగింది, అదీ మా ఒహాయోలోనే, సీడార్ పాయింట్‌లో. మా నాయనమ్మకి శుక్లాలు తీసింది అలాంటి శిబిరంలోనే. బల్లలు పక్కకి జరిపిన క్లాసురూములో, కింద వరసగా చాపలు. ఆవిడ ఆ తర్వాత పన్నెండేళ్ళు సోడాబుడ్డి కళ్ళద్దాలతో భాగవతం చదువుకుంది. శిబిరం గేటుకి కట్టిన గుడ్డ బ్యానరు మీద టెంటు వేయించినవాళ్ళ పేర్లూ, భోజనాలు పెట్టించినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు లేదు. నాయనమ్మ మాత్రం చివరిదాకా ఆ డాక్టరు గురించే చెప్పేది. "చెయ్యి ఎంత నెమ్మదో!" అనేది.

నా సంగతికి వస్తాను. అయిదో ఏడు, భోజనాల దగ్గర ఆ హెడ్‌మిస్ట్రెస్ గారు నా బిళ్ళ కేసి చూసి, "నువ్వు టాక్సులు చేస్తావా? మరి లైబ్రరీలో శనివారాలు ఎందుకు రావు?" అని అడిగారు. ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఉచితంగా పన్ను రిటర్నులు నింపిపెట్టే కార్యక్రమం ఒకటుంది. దాన్ని వీటా అంటారు. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌ది, నడిపేది మాత్రం స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు. మా ఊళ్ళో దానికి చోటు లైబ్రరీ ఇస్తే మనుషుల్ని మా క్లబ్బు పంపుతోంది. జనవరి చివర్నుంచి ఏప్రిల్ 15 దాకా ప్రతి శనివారం.

నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఏమంత గొప్పది కాదు. వారమంతా అదే పని, మళ్ళీ శనివారం కూడానా, అదీ ఊరికేనా? సీజన్లో నాకు కంటినిండా నిద్ర ఉండదు. పైగా ఏదన్నా తేడా వస్తే? సమోసా చెడిపోతే పారేస్తారు. రిటర్ను చెడిపోతే ఉత్తరాలొస్తాయి. ఆ రోజు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. పక్కన కూర్చున్న పైకప్పుల కాంట్రాక్టరు ఏమీ అనలేదు కానీ, తర్వాత కారు దగ్గర పట్టుకున్నాడు. ఆయన ఏటా ముగ్గురు నలుగురు ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకి కప్పులు బాగుచేస్తాడు, ఎవరికీ చెప్పడు. "నేను చేసిన పాన్‌కేక్ మా ఆవిడే తినదు. నాకు వచ్చింది కప్పెక్కడం ఒక్కటే," అన్నాడు.

నేను ఒప్పుకోవడానికి ఆయన మాట ఒక్కటే కారణం కాదు. మా నాన్నగారు గుర్తొచ్చారు.

ఆయన ప్రభుత్వాఫీసులో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కాఫీ తాగేలోపే మా అరుగు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉండేవాళ్ళు. పింఛను అర్జీలు, మనియార్డరు ఫారాలు, కరెంటు మీటరు పేరు మార్పు, పాసుపుస్తకంలో తప్పు దిద్దమని మండలాఫీసుకి విన్నపం. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది, ఏ అర్జీ ఎవరికి ఎలా పెట్టాలో తెలుసు. పైసా తీసుకునేవారు కాదు. వాళ్ళే సొరకాయో, నాలుగు అరటిపళ్ళో అరుగు మీద పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఒకసారి ఒక రైతు అర్జీలో సర్వే నంబరు తప్పు పడింది. 118కి బదులు 181. ఆ మనిషి ఎనిమిది నెలలు తిరిగాడు. ఆ ఏడు బ్యాంకు అప్పు పుట్టలేదు, వడ్డీకి తెచ్చుకున్నాడు. చివరికి తప్పు ఎక్కడుందో తెలిశాక మా ఇంటికి వచ్చి కూడా నాన్నగారిని ఒక్క మాట అనలేదు. "మీరు పుణ్యానికి రాసిపెట్టారు, మిమ్మల్నేమంటాం గుమాస్తా గారూ," అన్నాడు. ఆ మాటే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. తిడితే బావుండేదని అమ్మతో అనడం నేను విన్నాను. ఆ తర్వాత చాలాకాలం అర్జీ రాసిన ప్రతిసారీ, ఇంకా హైస్కూల్లో ఉన్న నన్ను పిలిచి నంబర్లు పైకి చదివించుకునేవారు.

ఉచితంగా చేసిన పనిలో తప్పు పట్టకూడదని మనలో ఒక మర్యాద ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. డబ్బు తీసుకుని తప్పు చేస్తే నిలదీసే హక్కన్నా ఉంటుంది అవతలివాళ్ళకి. ఊరికే చేస్తే ఆ హక్కు కూడా మనమే లాగేసుకున్నట్టు. అందుకే లైబ్రరీలో నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడి కట్టుబాటు. వృత్తిలో ఎన్నేళ్ళ అనుభవమున్నా ప్రతి ఏడూ పరీక్ష రాసి ప్యాసవ్వాల్సిందే. ఎవరు నింపిన రిటర్నునైనా ఇంకొకరు మొదటినుంచీ చూస్తేనే పైకి పంపాలి. సొమ్ము తీసుకోకూడదు, మన వ్యాపారానికి అక్కడ బేరాలు వెతుక్కోకూడదు. పోయినేడు నేను ఒకావిడ బ్యాంకు ఖాతా నంబరులో రెండంకెలు తారుమారు చేస్తే, కళ్ళజోడు ముక్కు చివరికి జారిన ఆ హెడ్‌మిస్ట్రెస్ గారు పట్టుకున్నారు. ఆవిడ జన్మలో ఆడిటరు కాదు. లెక్కల టీచరు.

మంచి పని ఎవరికి వాళ్ళం చేసుకోవచ్చు కదా, క్లబ్బు ఎందుకు అని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు కూడా ఇదే. మా నాన్నగారి అరుగు మీద లేనిది ఆ రెండో జత కళ్ళు. క్లబ్బు ఉంటే గది దొరుకుతుంది, ప్రింటరు దొరుకుతుంది, నాకు జ్వరమొస్తే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. లేకపోతే సేవ అంతా ఒక మంచి మనిషి ఓపిక మీద నడుస్తుంది. ఆ మనిషి పోతే అరుగు ఖాళీ.

డాలస్‌లో ఉన్న నా స్నేహితురాలికి ఇదంతా తెలివితక్కువ లెక్క అనిపించింది. కూర్చోబెట్టి మరీ చెప్పింది. "పది శనివారాలు, నాలుగేసి గంటలు. నలభై గంటలు. గంటకి 150 డాలర్ల చొప్పున వేసుకున్నా 6,000. అవే గంటలు నీ ఆఫీసులో పనిచేసి ఆ డబ్బు మన ఊరి బడికి పంపితే అయిదు లక్షల రూపాయలు. ఏది ఎక్కువ మేలే?" అంది.

ఊరి బడి విషయంలో దాని మాట నిజం. అక్కడ నా పన్నుల విద్యతో పనేముంది, డబ్బే పంపాలి, పంపుతున్నాను కూడా. కానీ ఈ ఊళ్ళో కొరత డబ్బుది కాదు. తక్కువ జీతానికి కష్టపడి పిల్లల్ని పెంచుకునేవాళ్ళ కోసం ఇక్కడ ఒక పన్ను రాయితీ ఉంది, ఇఐటిసి అంటారు. కట్టిన పన్నుకన్నా ఎక్కువగా కూడా చేతికొస్తుంది. 2024 సంవత్సరానికి ముగ్గురు, అంతకు పైన పిల్లలున్న కుటుంబానికి గరిష్ఠంగా 7,830 డాలర్లు. అర్హత ఉన్న ప్రతి అయిదుగురిలో ఒకరు దాన్ని అడగనే అడగరని ఐఆర్‌ఎస్ వాళ్ళే చెబుతారు. డబ్బు చట్టంలో ఉంది, అర్హులు ఊళ్ళో ఉన్నారు, మధ్యలో ఫారం ఉంది. అంటే ఇక్కడ కావలసింది ఆ ఫారం చదవగలిగినవాళ్ళు. నర్సింగ్‌హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఒకావిడ, ఇద్దరు పిల్లలు, ఏడాదికి 22,000 సంపాదన, అంతకుముందు ఏడు రిటర్నే వేయలేదు. 'నీకు పన్నేమీ పడదు, వేయక్కర్లేదు' అని ఎవరో చెప్పారట. పాత రిటర్నులకి మూడేళ్ళ గడువుంటుంది. దాంతో రెండేళ్ళదీ కలిపి వేశాం. ఒక్కో ఏడాదికీ ఆరు వేల పైనే వచ్చింది. ఆవిడ ఏడవలేదు, నన్ను కౌగిలించుకోలేదు. ఆ కాగితం తిరగేసి వెనక కూడా చూసి, "ఇది మళ్ళీ వెనక్కి అడుగుతారా?" అంది. నా నలభై గంటల బిల్లుకి అయిదు లక్షలు వస్తాయేమో గానీ, ఆవిడ అడిగినదానికి "అడగరు" అని ధీమాగా చెప్పడానికి నా ఇరవై రెండేళ్ళ సర్వీసు పనికొచ్చింది.

అన్నిసార్లూ అలా ధీమాగా చెప్పే వీలుండదు. రెండేళ్ళ కిందట మన పిల్లాడొకడు వచ్చాడు. కరీంనగర్ వైపు, మాస్టర్స్ రెండో ఏడు. విదేశీ విద్యార్థుల రిటర్నులకి వీటాలో వేరే పరీక్ష ఉంటుంది. చుట్టుపక్కల మన పిల్లలు ఎక్కువని అది కూడా రాశాను. వాడికి నేను తెలుగుదాన్నని తెలిసి మొహం వెలిగింది. మేడమ్ కాస్తా రెండు నిమిషాల్లో ఆంటీ అయిపోయింది.

ఎఫ్-1 మీద వచ్చిన విద్యార్థులు మామూలుగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలూ పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్లు. వేయాల్సింది 1040-ఎన్ఆర్. ఇండియాతో ఉన్న ఒప్పందం వల్ల మన విద్యార్థులకి అందులో స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. మిగతా చాలా దేశాల పిల్లలకి అది లేదు. వీడి పాత రిటర్ను చూస్తే మామూలు 1040. రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో తిరిగిన నంబరు, ఎవరో మనవాడే, 60 డాలర్లు తీసుకుని చేసిపెట్టాడు. బీటెక్ దాటినవాడికి అసలు వర్తించని అండర్‌గ్రాడ్యుయేట్ చదువుల రాయితీ ఒకటి అందులో పెట్టి, వెయ్యి డాలర్లు రప్పించాడు. వీడు నా దగ్గరికి వచ్చింది ఈ ఏడాది కూడా అలాగే చేయించుకుందామని. ఈసారి ఉచితంగా.

వద్దని చెప్పడం కాదు కష్టం. పాతదాన్ని సవరించి ఆ వెయ్యీ వడ్డీతో తిరిగి కట్టమని చెప్పడం కష్టం. అప్పటికి వాడి ఖాతాలో 300 ఉన్నాయి.

"మా రూంల అందరు గట్లనే చేసిండ్రు ఆంటీ. ఎవ్వరికి ఏం కాలే," అన్నాడు.

మా క్లబ్బులో ప్రతి సమావేశంలోనూ అందరం లేచి నిలబడి నాలుగు ప్రశ్నలు పైకి చదువుతాం. 1932లో, దివాలా తీయబోతున్న ఒక గిన్నెల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ అనే ఆయన రాసుకున్నవి. మొదటిది, ఇది నిజమేనా అని. నాకది ఎప్పుడూ బడిలో చేసిన ప్రతిజ్ఞలా వినిపించేది, నోరు పలుకుతుంటే మనసు ఇంకెక్కడో ఉండేది. (మన ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు ట్రెజరీ ఆఫీసరు. లెక్కలవాళ్ళకి ఇలాంటివి రాసే జబ్బు ఉన్నట్టుంది.) ఆ శనివారం మాత్రం ఆ ప్రశ్న నా బల్ల మీదే కూర్చుంది. వాడు నా మేనల్లుడి ఈడు. వాడి మొహం చూస్తే, చూడనట్టు ఊరుకుని ఈ ఏడాదిది సరిగా చేసి పంపేద్దామా అనిపించింది. ఆ కాసేపూ నిజంగానే అనిపించింది.

చెప్పాను. ఇవాళ ఏం కాకపోవచ్చు నాన్నా, కానీ నువ్వు రేపు ఇక్కడ ఉద్యోగం, వీసా, గ్రీన్‌కార్డు అంటావు, నీ సంతకంతో ఉన్న కాగితం ఇది, చేసినవాడి సంతకం కూడా లేదు చూడు, అన్నాను. డబ్బు తీసుకుని రిటర్ను చేసినవాడు కింద తన పేరూ నంబరూ వేయాలి. ఆ చోటు ఖాళీగా ఉంది. ఇంకో సంగతి కూడా కనిపించింది. వేసవిలో చేసిన ఇంటర్న్‌షిప్ 6,400 డాలర్ల జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం, అంటే దాదాపు 490 పట్టుకున్నారు. నాన్‌రెసిడెంటు విద్యార్థికి ఆ కోత ఉండకూడదు. ముందు కంపెనీనే అడగాలి, వాళ్ళు ఇవ్వకపోతే 843 ఫారంతో ఐఆర్‌ఎస్‌ని అడగాలి. అది కూడా రాసిచ్చాను. వాడు కట్టాల్సిన వెయ్యి వినపడినంత గట్టిగా రావాల్సిన 490 వినపడలేదు. "సరే ఆంటీ, ఆలోచిస్త," అని కాగితాలు బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. మనవాడికి సాయం చేయడానికి కూర్చుని, ఉన్న నిద్ర పోగొట్టి పంపించాను.

మూడు వారాల తర్వాత వచ్చాడు, ఇద్దరు రూమ్మేట్లని వెంటబెట్టుకుని. ముగ్గురివీ సవరించాం. కట్టాల్సింది ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు కోరవచ్చని చెప్పాను. నాలుగో పిల్లాడు రాలేదు. వాడి సంగతి నేను అడగలేదు. ఆ నంబరు మాత్రం ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోందని ఈమధ్యే తెలిసింది.

అందుకే మన సంఘాల పెద్దలకి ఒక మాట చెప్పాలనుంది. సంక్రాంతి ఎప్పుడూ జనవరి మధ్యలోనే వస్తుంది, పన్నుల కాలానికి సరిగ్గా ముందు. ఆ హాల్లో ముగ్గుల పోటీ పక్కన ఒక బల్ల వేయండి. మీలో పన్నులు తెలిసినవాళ్ళు ఇద్దర్ని కూర్చోబెట్టండి, వ్యాపార కార్డులు మాత్రం జేబులోంచి తీయనివ్వకండి. ఇమిగ్రేషన్ లాయర్ల ఉపన్యాసాల్లాగా సగం ప్రకటన అయిపోతుంది. ఆ నాలుగో పిల్లాడి లాంటివాళ్ళు లైబ్రరీకి రారు. పులిహోరకి వస్తారు.

ఈ ఏడాది పరీక్ష జనవరి మొదటి వారంలో రాస్తున్నాను. పోయిన మంగళవారం హెడ్‌మిస్ట్రెస్ గారు శనివారాల పట్టిక తెచ్చి నా ముందు పెట్టారు, అన్నిటికీ నా పేరు రాశాను. ఆవిడ కాగితం మడిచి, "ఇంటర్నేషనల్ నైట్ మార్చిలో పెడుతున్నారు, సమోసాలు ఎన్ని చేస్తావు?" అన్నారు. రెండు వందలన్నాను.